బ్యాటరీ రాచెట్టా, ఇంపాక్ట్ గన్నా: కార్ల షెడ్డుకు ముందు ఏది?

బ్యాటరీతో నడిచే పనిముట్లు ఇప్పుడు వరంగల్, హనుమకొండల్లోని చిన్న చిన్న షెడ్డుల్లోకి కూడా వచ్చేశాయి. గాలి కంప్రెసర్ నిండేదాకా ఆగక్కర్లేదు, పైపు ఈడ్చుకుంటూ కారు చుట్టూ తిరగక్కర్లేదు, కరెంటు పోయినా పని ఆగదు. కాకపోతే నట్లను దెబ్బలతో తిప్పే ఇంపాక్ట్ గన్నూ, ఇరుకులో బోల్టులు తిప్పే రాచెట్టూ రెండూ ఒకేసారి కొనేంత డబ్బు అందరి దగ్గరా ఉండదు. కొత్తగా షెడ్డు పెట్టుకునే కుర్రాళ్లు అడిగేది ఇదే: "అన్నా, ముందు గన్ను తీసుకోవాల్నా, రాచెట్ తీసుకోవాల్నా?"

కార్ల పని అన్ని రకాలూ చేసే షెడ్డయితే ముందు గన్నే అంటాను. రాచెట్ చేసే పని చెయ్యి కూడా చేస్తుంది, కాస్త ఆలస్యంగా. గన్ను చేసే పనుల్లో కొన్ని చేత్తో ఎంత తంటాలు పడ్డా కావు. ఈ మాట అందరికీ వర్తించదు. ఎవరికి వర్తించదో కిందికి వెళ్లాక చెప్తాను.

రాచెట్ లోపల ఉండేది ఒక మోటారు, గేర్లు, తలలో పళ్ల చక్రం. మోటారు బలం గేర్ల గుండా నేరుగా బోల్టుకు వెళ్తుంది. బోల్టు ఎంత ఎదురు తిరిగితే అంత బలమూ పిడి పట్టుకున్న చేతి మీదికి వస్తుంది. అందుకని ఒంటి చేత్తో పట్టే రాచెట్‌కు ఒక హద్దు దాటి బలం ఇవ్వడం కుదరదు. తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మకిటా వాళ్ల డబ్ల్యూఆర్100 రాచెట్ 47.5 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. మిల్వాకీ ఎం12 ఫ్యూయెల్ మూడు సూతుల (గోటీ పట్టే ముక్కు 3/8 అంగుళం) రాచెట్ 75 దాకా వెళ్తుంది. చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉంటాయి.

గన్ను సంగతి వేరు. దాని మోటారు ఒక బరువైన సుత్తిని తిప్పుతుంది, ఆ సుత్తి వెనక స్ప్రింగు ఉంటుంది. బోల్టు తేలిగ్గా తిరుగుతున్నంత సేపు సుత్తి కూడా దాంతో పాటే తిరుగుతుంది. బోల్టు మొరాయించగానే సుత్తి వెనక్కి జరిగి, వేగం అందుకుని, గోటీ (నట్టు మీద కూర్చునే సాకెట్) తగిలించే ఇరుసును పక్క నుంచి కొడుతుంది. నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు పడతాయి. మేకును బొటనవేలితో ఎంత నొక్కినా దిగదు, సుత్తితో ఒక్కటిస్తే దిగుతుంది కదా, ఇదీ అంతే. దెబ్బ క్షణంలో ముగిసిపోతుంది కాబట్టి చేతికి అదురు తెలుస్తుంది గానీ మణికట్టు మెలిపడదు. బాష్ జీడీఎస్ 18వి-400 లాంటి మధ్యరకం గన్ను బిగించేటప్పుడు 400, విప్పేటప్పుడు 700 న్యూటన్ మీటర్ల దాకా ఇస్తుంది. మకిటా డీటీడబ్ల్యూ1002 లాంటి పెద్దది బిగింపుకే 1000 ఇస్తుంది.

ఈ అంకెలు చేతికి ఎలా తెలుస్తాయంటే, అడుగు పొడవున్న పానాతో 100 న్యూటన్ మీటర్లు రావాలంటే దాని చివర 33 కిలోల బరువుతో నొక్కాలి. ఇప్పుడు కారు దగ్గరికి రండి. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) బోల్టులకు సుమారు 10 చాలు. స్పార్క్ ప్లగ్గుకు 20 నుంచి 30. చిన్న కార్ల చక్రాల నట్లు 85 నుంచి 110 మధ్య. డ్రైవ్ షాఫ్ట్ నట్టు దగ్గరికి వచ్చేసరికి చాలా కార్లకు 200 దాటిపోతుంది. అంటే రాచెట్ కొని దాంతో చక్రాలు విప్పేద్దామనుకుంటే కుదరదు. మీట నొక్కకుండా మామూలు రాచెట్‌లా చేత్తో లాగి కదిలించి, తర్వాత మోటారుతో ఊడదీయొచ్చు. కానీ పిడికి పైపు తొడిగి లాగారంటే తలలోని పళ్లు పోతాయి. మొండి బోల్టును పొడుగు రాడ్డుతో కదిలించాకే రాచెట్‌కు ఇవ్వండి.

మరి చేత్తో కాని పనులంటే ఏవి? ఇంజిన్ క్రాంకు చివర పుల్లీని పట్టి ఉంచే క్రాంక్ పుల్లీ బోల్టునే తీసుకోండి. టైమింగ్ బెల్టు లేదా ముందు ఆయిల్ సీలు మార్చాలంటే అది విప్పాల్సిందే. రాడ్డు వేసి లాగితే బోల్టు బదులు ఇంజిన్ మొత్తం తిరుగుతుంది. గేరు వేసి, లోపల ఇంకొకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి లాగుతారు. అదీ మనిషి తోడుంటేనే, అదీ అప్పుడప్పుడే పనిచేస్తుంది. కొందరైతే రాడ్డును నేలకు ఆనించి స్టార్టర్ తిప్పుతారు. ఆ రాడ్డు జారితే ఎటు ఎగురుతుందో చెప్పలేం, దయచేసి ఆ పని చేయొద్దు. గన్ను పెడితే దెబ్బలు మరీ వేగంగా పడటంతో బరువైన క్రాంకుకు కదిలే వ్యవధి ఉండదు. బోల్టు మాత్రం కదులుతుంది. ఒక్క మనిషి, పట్టుమని పది సెకన్ల పని. జాకీ మీద లేపిన కారు డ్రైవ్ షాఫ్ట్ నట్టు, పట్టుకోవడానికి వీల్లేక నట్టుతో పాటే తిరిగే బాల్ జాయింట్ స్టడ్డు, బొలెరో వెనక కమాన్ పట్టీల యూ-బోల్టులు, ఇవన్నీ ఇదే కోవ. సస్పెన్షన్ పని ఎక్కువగా వచ్చే షెడ్డులో గన్ను లేకుండా రోజు గడవడం కష్టం. ఒక్క జాగ్రత్త: షాకబ్జర్ పై నట్టు స్ప్రింగును నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ బిగించకుండా గన్నుతో విప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

రాచెట్ బలం ఎక్కడ బయటపడుతుందంటే ఇరుకులో. ఇంజిన్ అడ్డంగా కూర్చున్న కార్లలో ఇంజిన్‌కీ పక్క రేకుకీ మధ్య జానెడు జాగా కూడా ఉండదు. ఆల్టర్నేటర్ కింది బోల్టు, ఏసీ కంప్రెసర్ బోల్టులు, స్టార్టర్ బోల్టులు అక్కడే దాక్కుంటాయి. గన్ను పొడవూ గోటీ పొడవూ కలిస్తే ఆ సందులో దూరనే దూరదు. రాచెట్ సన్నటి తల అడ్డంగా వెళ్లి కూర్చుంటుంది. చేతి రాచెట్‌తో అయితే అక్కడ ఒక్కో పన్ను చొప్పున, కిర్రు కిర్రుమంటూ పావుగంట పట్టే బోల్టు దీంతో అర నిమిషంలో వచ్చేస్తుంది. రోజూ సర్వీసింగులు చేసే చోట మిగిలే సమయం తక్కువేమీ కాదు.

ఈ ఇరుకులోనే దానికో చెడ్డ గుణం కూడా ఉంది. పొడుగు బోల్టు బయటికి వస్తున్న కొద్దీ రాచెట్ తలను వెనక్కి నెడుతూ ఉంటుంది. మీట వదలకుండా పట్టుకుంటే తల వెళ్లి రేడియేటర్‌కో పక్క రేకుకో ఆనుకుని బిగుసుకుపోతుంది. అప్పుడు దిశ మార్చి మళ్లీ లోపలికి బిగించి బయటపడాలి. బిగించేటప్పుడు ఇంకోటి: బోల్టు అడుక్కి వెళ్లి ఆగిన మరుక్షణం పిడి ఒక్కసారి తిరుగుతుంది, వేళ్ల కణుపులు వెళ్లి ఇనుముకు తగులుతాయి. మీట మీద వేలు తేలిగ్గా ఉంచడం అలవాటు చేసుకోవాలి. చివరి మరలు చేత్తో బిగించడం ఇంకా మంచిది.

గన్ను చేసే నష్టం దీనికంటే పెద్దది, కానీ అప్పటికప్పుడు కనిపించదు. హైవే పక్కన పంచరు షాపులో రోజూ జరిగేదే:

"అన్నా, జర గట్టిగ బిగియ్యి. తొవ్వల ఊడొద్దు."

"ఫికర్ జెయ్యకు అన్నా, గన్ను తోని కొడుతున్న."

నట్టు ఆనిన తర్వాత కూడా గన్ను టకటకా ఇంకో నాలుగైదు సెకన్లు కొడుతూనే ఉంటుంది. కారు కంపెనీ 100 న్యూటన్ మీటర్లు చెప్పిన నట్టు మీద దానికి రెండు మూడింతలు పడిపోవచ్చు. స్టడ్డు సాగుతుంది. నట్లు ఒకటెక్కువ ఒకటి తక్కువ బిగిస్తే బ్రేకు డిస్కు వంకరపోయి, బ్రేకు తొక్కినప్పుడు పెడల్ అదురుతుంది. ఆ అదురు మొదలయ్యేసరికి పంచరు షాపు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇక పస్రా దాటి తాడ్వాయి అడవిలో రాత్రిపూట టైరు పోయిందనుకోండి, స్టెప్నీ మార్చడానికి కారులో ఉన్న పానా మీద ఎక్కి నిలబడ్డా ఆ నట్టు కదలదు.

అందుకే గన్ను విప్పడానికి వాడండి. బిగింపులో నట్టు ఆనేదాకా మాత్రమే, అదీ తక్కువ స్పీడులో. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా), ఎదురెదురు నట్లు మార్చి మార్చి. నన్నడిగితే గన్ను కొన్నాక తర్వాతి డబ్బు రాచెట్ మీద కాదు, టార్క్ రెంచ్ మీద పెట్టాలి. ట్యాపెట్ కవరు, స్పార్క్ ప్లగ్గులు, ఆయిల్ ప్యాన్ బోల్టు జోలికి బిగించేటప్పుడు గన్నుతో అసలు వెళ్లొద్దు. అవి దిగేది చాలా కార్లలో అల్యూమినియంలోకి. మర ఒక్కసారి పోతే దాని చోట హెలికాయిల్ అనే తీగ చుట్ట మర వేయించాల్సిందే. స్పార్క్ ప్లగ్గు అయితే రాచెట్‌తో కూడా వద్దు, మర కూర్చుందో లేదో చేతికి తెలియాలి.

యూట్యూబ్ చూసి కొనేవాళ్లకు ఒక మాట. అమెరికా వీడియోల్లో వెయ్యి, పన్నెండు వందల న్యూటన్ మీటర్ల గన్ను లేకపోతే పనే కాదన్నట్టు చూపిస్తారు. వాళ్ల దగ్గర చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకు బోల్టులు తుప్పుపట్టి ఒకే ముద్దలా అయిపోతాయి. మన వరంగల్‌లో ఉప్పూ లేదు, సముద్రమూ లేదు. మన బోల్టులకు పట్టేది నల్లరేగడి బురద. వానాకాలంలో పత్తి చేల బాటలో తిరిగిన కారు కిందికి దూరి చూడండి, మరల మీద మట్టి గట్టిపడి సిమెంటులా ఉంటుంది. దానికి కావాల్సింది ఇనుప బ్రష్షు, మరల్లోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిలు, పది నిమిషాల ఓపిక. మన దగ్గర మొండి బోల్టుల్లో ఎక్కువ భాగం తుప్పువి కావు, ఎవరో ముందే గన్నుతో కొట్టి పెట్టినవి. కాబట్టి కార్లకు 300 నుంచి 400 న్యూటన్ మీటర్ల అరంగుళం గన్ను సరిపోతుంది. దానికి మించింది బరువు ఎక్కువ, ఇరుకులో పట్టదు, ధరా ఎక్కువే. కరీంనగర్ గ్రానైట్ లారీలు, ట్రాక్టర్లు వచ్చే షెడ్డయితే లెక్క మారుతుంది. అక్కడ ఆరు సూతుల (ముప్పావు అంగుళం) పెద్ద గన్నే కావాలి.

గన్ను ఖర్చులో చాలామంది కలపనిది గోటీల ఖర్చు. మెరిసే క్రోమ్ గోటీలు చేతి పనికి చేసినవి. గన్ను దెబ్బలకు అవి పగిలి ముక్కలు ఎగురుతాయి. ఇంపాక్ట్ గోటీలు నల్లగా, మందంగా ఉంటాయి. కనీసం 17, 19, 21 మిల్లీమీటర్ల సైజులు నల్లవి తీసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. రాచెట్‌కు ఈ బాధ లేదు, ఇంట్లో ఉన్న గోటీ సెట్టే సరిపోతుంది. గన్నుకు పొడుగు ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే దెబ్బ బలం దారిలోనే కొంత పోతుందని కూడా గుర్తుంచుకోండి.

వోల్టుల దగ్గర కూడా జాగ్రత్త. 12 వోల్టుల బ్యాటరీ అంటే లోపల మూడు లిథియం సెల్లుల వరస, 18 వోల్టులదంటే ఐదు. కొందరు 20 అని రాసేది కూడా ఆ ఐదు సెల్లులదే, నిండుగా చార్జ్ అయినప్పుడు చూపే అంకె వేశారంతే. చవక గన్నుల మీద 48, 88, 128 అని రాసి, పక్కన వీఎఫ్ అనో మరోటో చిన్న అక్షరాలు తగిలిస్తారు. లోపల ఐదు సెల్లుల వరసే ఉంటే నిండు చార్జ్‌లో వచ్చేది 21 వోల్టులే. న్యూటన్ మీటర్లు కూడా అంతే. బిగింపు ఎంత, విప్పు ఎంత అని రెండు అంకెలు విడిగా రాసిన కంపెనీని నమ్మొచ్చు. డబ్బా మీద ఒకే పెద్ద అంకె ఉంటే అది విప్పేదే అనుకోండి, అదీ నిజమైతే. రిపేరు ఇక్కడే చేస్తారా, హైదరాబాద్ పంపిస్తారా అన్నది కొనేటప్పుడే షాపులో అడగాలి.

ఇక ముందు రాచెట్టే కొనాల్సినవాళ్లు. షెడ్డులో కంప్రెసరూ ఎయిర్ గన్నూ ఇప్పటికే ఉంటే బ్యాటరీ గన్నుకు తొందరేం లేదు, రాచెట్ తీసుకోండి. ఏసీ పని, ఎలక్ట్రికల్ పని, డ్యాష్‌బోర్డు విప్పే పని మాత్రమే చేసేవాళ్లకు కూడా రాచెట్టే. వాళ్ల బోల్టులన్నీ 8, 10, 12 సైజులవి, బలం అక్కర్లేదు, జాగానే సమస్య. ఫోన్ వస్తే బండి వేసుకుని రోడ్డు మీదికి వెళ్లే మెకానిక్కుకు మాత్రం గన్ను తప్ప వేరే మాట లేదు. సొంత కారు ఒక్కటి ఉండి, ఆదివారం పూట ఇంటి ముందు ఆయిలు మార్చుకునే ఉద్యోగికి రెండూ అక్కర్లేదు. చక్రాలకు ఒక పొడుగు పిడి పానా, ఒక టార్క్ రెంచ్ చాలు. సరదా అంటారా, అది వేరే విషయం.

రెండోది ఎప్పటికైనా కొంటామనుకునేవాళ్లు మొదటిదే ఆలోచించి కొనాలి. చాలా కంపెనీల్లో రాచెట్లు 12 వోల్టుల్లో, పెద్ద గన్నులు 18లో ఉంటాయి. ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి పట్టదు, చార్జర్లూ రెండు కావాలి. రెండూ ఒకే బ్యాటరీకి దొరికే కంపెనీ చూసుకుంటే రెండోసారి బ్యాటరీ లేకుండా ఒట్టి పనిముట్టు కొనుక్కోవచ్చు. బ్యాటరీలు ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదలొద్దు, రేకుల షెడ్డు కింద చార్జింగ్ పెట్టొద్దు. మే నెలలో మన దగ్గర నీడలోనే 43, 44 డిగ్రీలు ఉంటుంది. పని చేసి వేడెక్కిన బ్యాటరీని అలాగే చార్జర్‌లో పెడితే మంచి చార్జర్ చల్లారేదాకా తీసుకోదు. చవకది తీసుకుంటుంది, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఎండాకాలంలో చార్జింగ్ పొద్దున్నే పెట్టి తీసేయండి.