టెస్టులో రెండు ఫంక్షన్లను పోల్చాలంటే ఏది మేలు?

"రెండు ఫంక్షన్లలో ఒక్క అక్షరం తేడా లేదు, అయినా టెస్ట్ ఫెయిలవుతోంది, ఎందుకు?" జావాస్క్రిప్ట్ రాసేవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. పైగా టెస్టులు నడిపే టూల్ జెస్ట్ "సీరియలైజెస్ టు ద సేమ్ స్ట్రింగ్" (అక్షరాల్లోకి మారిస్తే రెండూ ఒకటే) అని చెప్పి ఇంకా అయోమయంలో పడేస్తుంది.

జెస్ట్‌లో పోల్చడానికి వాడే టుఈక్వల్ ఆబ్జెక్టుల లోపలిదాకా వెళ్లి పోలుస్తుంది గానీ, ఫంక్షన్ తగిలితే రిఫరెన్స్ మాత్రమే, అంటే రెండూ మెమరీలో ఒకే ఫంక్షనా అన్నదే చూస్తుంది. జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే నోడ్‌లోని డీప్‌స్ట్రిక్ట్‌ఈక్వల్ కూడా అంతే. ఇది బద్ధకం కాదు. ఏ రెండు ఫంక్షన్లిచ్చినా వాటి ప్రవర్తన ఒకటేనా అని తేల్చే అల్గారిథమ్ ఉండదని 1953 నాటి రైస్ సిద్ధాంతమే చెబుతోంది. మనం లోపలికి పంపిన ఫంక్షనే బయటికి వచ్చిందా అని చూడాలంటే రిఫరెన్స్ చాలు, దాన్నే చూసే టుబీ వాడేయండి.

చిక్కల్లా లోపలే కొత్తగా పుట్టే ఫంక్షన్లతో. అప్పుడు చాలామంది టుస్ట్రింగ్‌తో సోర్స్, అంటే ఫంక్షన్ కోడ్‌ని అక్షరాలుగా తీసి పోలుస్తారు. నేనూ చేశాను. టెస్టుల్లో ఏ లైన్లు నడిచాయో లెక్కపెట్టే కవరేజ్ ఆన్ చేయగానే టెస్టులు ఎర్రబడ్డాయి. కవరేజ్ టూల్ అసలు ఫైల్లో కౌంటర్లు చొప్పించింది, టెస్ట్ ఫైల్లో చొప్పించలేదు. దానికి సగం రోజు పోయింది.

ఊరికే ఫెయిలైతే సర్దుకోవచ్చు. ఊరికే పాసవడమే ప్రమాదం. కూడిక ఫంక్షన్ని తయారుచేసిచ్చే ఫ్యాక్టరీకి ఒకసారి 2, ఒకసారి 5 ఇవ్వండి. వచ్చిన రెండిటి సోర్స్ ఒకటే. 10 ఇచ్చి పిలిస్తే ఒకటి 12 అంటుంది, రెండోది 15. క్లోజర్ (పుట్టినచోటి విలువల్ని గుర్తుంచుకునే ఫంక్షన్) పట్టుకున్న విలువ సోర్స్‌లో కనిపించదు కదా. బైండ్‌తో విలువలు ముందే కట్టిపెట్టిన ఫంక్షన్లైతే మరీ ఘోరం, లోపల ఏమున్నా అన్నీ "నేటివ్ కోడ్" అనే చూపిస్తాయి.

జెస్ట్‌లో ఎక్స్‌పెక్ట్ డాట్ ఎనీ ఉంది గానీ, అక్కడ ఏదో ఒక ఫంక్షన్ ఉందనే చెబుతుంది, అంతే.

అందుకే నా ఓటు పిలిచి చూడటానికే. అంచు విలువలతో కలిపి మూడు నాలుగు ఇన్‌పుట్లిచ్చి ఫలితం సరిచూడాలి. బయటి పనులు చేసే ఫంక్షనైతే మాక్ (తనను ఎలా పిలిచారో గుర్తుపెట్టుకునే నకిలీ ఫంక్షన్) ఇచ్చి, దాన్ని ఏ ఆర్గ్యుమెంట్లతో పిలిచిందో చూడాలి. అన్ని ఇన్‌పుట్లూ చూడలేమన్నది నిజమే, రాయడానికీ కాస్త ఎక్కువే పడుతుంది.

ఈమధ్య ఒక ఫారమ్ వాలిడేటర్ టెస్టును ఇలా మార్చాను. 21 అక్షరాల పేరిచ్చి పిలిస్తే వాలిడేటర్ ఓకే అంది. గరిష్ఠ పొడవు 20 ఉండాల్సిన చోట 200 పట్టుకుని కూర్చుంది. పాత టుస్ట్రింగ్ టెస్ట్ దాన్ని అన్నాళ్లూ పాస్ చేస్తూనే వచ్చింది.