పెద్ద బండి బరువు తగ్గించాలంటే ఏది మేలు: బ్యాటరీనా, సైలెన్సరా, పెట్టెలు దించడమా?

ఆదివారం పొద్దున్నే భీమిలి రోడ్డులో టీకి ఆగితే చాలు, ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. "అన్నా, బండి మరీ బరువుగా ఉంది, లిథియం బ్యాటరీ వేయించమంటావా, సైలెన్సర్ మార్చమంటావా?" ఈ రెండు మూడు నెలల్లో కనీసం పదిమందికి నోటితో చెప్పాను. నిలబడి చెబితే సగమే చెప్పగలుగుతున్నాను, అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను. నాది దూరప్రయాణాలకు వాడే పెద్ద మోటార్‌సైకిల్, సుజుకీ వీ-స్ట్రామ్ 650 ఎక్స్‌టీ. ట్యాంకు నిండా పెట్రోలుతో కంపెనీ చెప్పే బరువు 216 కిలోలు. వెర్సిస్, టైగర్, ఆఫ్రికా ట్విన్, జీఎస్ ఏది ఉన్నా అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి తప్ప విషయం ఒకటే.

ముందు నాకు ఈ పట్టుదల ఎక్కడ మొదలైందో చెప్పాలి. మొన్న కార్తీకంలో ఒంటరిగా పాడేరు అవతలికి వెళ్లాను. తారు రోడ్డు వదిలి కాఫీ తోటల మధ్య ఎర్రమట్టి దారిలోకి దిగాను, ముందురోజు వాన పడి దారంతా జారుడుగా ఉంది. నడిచే వేగంలో మలుపు తిప్పుతుంటే ముందు చక్రం పక్కకు వెళ్లిపోయి బండి ఎడమవైపు ఒరిగిపోయింది. నాకు దెబ్బ తగల్లేదు. కానీ బండి లేవలేదు. వెనక్కి తిరిగి కూర్చుని హ్యాండిల్ ఒక చేత్తో, వెనక కడ్డీ ఒక చేత్తో పట్టుకుని కాళ్లతో తోసే పద్ధతి నాకు తెలుసు, ఇంట్లో సాధన కూడా చేశాను. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ సగం లేచి మళ్లీ పడింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆ పావుగంట పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కాసేపటికి కాఫీ పళ్లు కోయడానికి వెళ్తున్న ముగ్గురు వచ్చారు, వాళ్లలో ఒక పెద్దాయన భుజం మీద కావిడి ఉంది. బండి చూసి ఆయన అన్న మొదటి మాట, "ముందు ఆ పెట్టెలు దించీండి బాబూ." ఎడమ పెట్టె బండి కిందే ఉంది కాబట్టి దాని తాళం తిరగదు. కుడి పెట్టె, వెనక టాప్ బాక్స్ తీసేశాం. తర్వాత నలుగురం కలిసి ఎత్తితే లేచింది. ఆయన తన కావిడి ఎత్తుకుని, అదే బురదలో, అదే వాలులో, చకచకా నడిచి వెళ్లిపోయారు. ఆ బరువు కూడా తక్కువేమీ కాదు. కానీ తాళ్లతో కిందికి వేలాడుతోంది, మోకాళ్ల ఎత్తులో, రెండు వైపులా సమంగా. అదే బరువు గంపకెత్తి నెత్తిన పెట్టుకుంటే ఆ వాలులో అలా దిగడం ఎవరికైనా కష్టమే.

ఇంటికొచ్చాక సామాను బరువు తూచే చేతికాటాతో బండికి నేను తగిలించిన ప్రతి వస్తువునూ తూచాను. (వేబ్రిడ్జికి తీసుకెళ్లకండి, అక్కడి కాటా ఐదు పది కిలోల మెట్లలో చూపిస్తుంది, మన పనికి చాలదు.) పక్కన రెండు అల్యూమినియం పెట్టెలు 11 కిలోలు. వాటిని పట్టే ఇనుప ర్యాకు ఐదున్నర. టాప్ బాక్స్, దాని కింద ప్లేటు కలిపి ఆరున్నర. అంటే ఖాళీ పెట్టెలే 23 కిలోలు! లోపలి సామాను మొత్తం 20. బండి పడితే దెబ్బ తగలకుండా ఆపే పైగార్డు, కిందిగార్డు కలిపి 9. అన్నీ కూడితే 52 కిలోలు. 216 కిలోల బండి బరువుగా ఉందని బాధపడుతూ దాని మీద ఇంకో మనిషంత బరువు నేనే ఎక్కించాను.

ఇంకో పోలిక చెబుతాను. బీఎండబ్ల్యూ వాళ్లు ఆర్ 1250 జీఎస్ తీసేసి 2023లో ఆర్ 1300 జీఎస్ తెచ్చారు. ఇంజిన్, ఫ్రేమ్ అన్నీ కొత్తగా చేస్తే 249 కిలోలు 237కి దిగింది. అంతమంది ఇంజినీర్లు కష్టపడి తగ్గించింది 12 కిలోలు. సామానుతో కలిపి నా టాప్ బాక్స్ ఒక్కటే పన్నెండున్నర.

ఇక అందరూ అడిగే బ్యాటరీ. నేను వేయించాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను. పాతదానికంటే రెండున్నర కిలోలు తగ్గింది. ఖరీదు మామూలు బ్యాటరీకి మూడు నాలుగు రెట్లు. వాడకుండా వదిలేసినా ఛార్జి చాలాకాలం నిలుస్తుంది, అది నిజంగా మంచి గుణం. కానీ చలికి మొండికేస్తుంది. వైజాగ్‌లో మనకు ఆ ఇబ్బంది ఉండదు, డిసెంబర్ చివర్లో లంబసింగిలో రాత్రి ఆగి తెల్లవారుజామున స్టార్ట్ చేసేవాళ్లకు తెలుస్తుంది. మొదటిసారి నొక్కితే మూలుగుతుంది. హెడ్‌లైట్ ఒక నిమిషం వెలగనిచ్చి, బ్యాటరీ లోపల కాస్త వేడెక్కాక మళ్లీ నొక్కాలి. ఇంకోటి, బండిలో ఛార్జింగ్ ఓల్టేజీ సరిగ్గా ఉందో లేదో మీటర్ పెట్టి చూడకుండా ఎవరూ వేయించుకోకండి. ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడై అది హద్దు దాటితే మామూలు బ్యాటరీ కొంత ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు. నేను కొన్న షాపులో ఈ మాట ఒక్కరూ చెప్పలేదు, మెకానిక్ చెబితే తెలిసింది.

సైలెన్సర్ విషయం కూడా దాదాపు ఇంతే. ఒక స్నేహితుడు తన బండికి టైటానియం స్లిప్-ఆన్ (సైలెన్సర్ చివరి డబ్బా మాత్రమే మార్చేది) పెట్టించాడు, రెండున్నర కిలోలు తగ్గింది, అర లక్ష పైన అయింది. మంచి కంపెనీది చప్పుడు హద్దులోనే ఉండొచ్చు, కానీ రోడ్డు మీద ఆపినప్పుడు అది తేల్చేది మనం కాదు. మన ఊళ్లో పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. కాగితాలు, వారంటీ సంగతి కూడా చూసుకోవాలి. రెండున్నర కిలోల కోసం ఇంత తలనొప్పి నాకు అక్కర్లేదనిపించింది.

అయినా ఈ రెండూ మేలు కాదని నేను అనుకోవడానికి అసలు కారణం డబ్బు కాదు, ఎత్తు. బండి ఒరిగేటప్పుడు మనల్ని లాగేది కిలోలు మాత్రమే కాదు, ఆ కిలోలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో అది. బరువును ఎత్తుతో హెచ్చవేసి చూడండి. సైలెన్సర్‌లో తగ్గిన రెండున్నర కిలోలు దాదాపు 0.6 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, హెచ్చవేస్తే 1.5. బ్యాటరీ సీటు కింద, 0.75 మీటర్లు అనుకుంటే సుమారు 1.9. రెండూ కలిపి 3.4. టాప్ బాక్స్ పన్నెండున్నర కిలోలు, 1.1 మీటర్ల ఎత్తులో, అంటే పదమూడు ముప్పావు. అంటే అర లక్ష పైన ఖర్చుపెట్టి బ్యాటరీ, సైలెన్సర్ రెండూ మార్చితే వచ్చే లాభానికి నాలుగు రెట్లు, ఒక తాళంచెవి తిప్పి టాప్ బాక్స్ తీసేస్తే వస్తుంది. పైసా ఖర్చు లేదు. పైగా ఆ పెట్టె వెనక చక్రం ఇరుసుకి కూడా వెనక వేలాడుతుంది, దాంతో ముందు చక్రం తేలికై పట్టు తగ్గుతుంది. ఆనందపురం వైపు హైవే మీద వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ సన్నగా ఊగుతుంటే టైరు గాలి చెక్ చేసుకుంటారు చాలామంది, ముందు పెట్టె తీసి ఒకసారి అదే వేగంలో వెళ్లి చూడండి. చాలా పెట్టెల్లో లోపలే బరువు హద్దు, వేగం హద్దు రాసి ఉంటాయి. మనం ఎవరం చదవం.

నేను చివరికి చేసింది ఇది. రెండు అల్యూమినియం పెట్టెలు, ర్యాకు, టాప్ బాక్స్ తీసేశాను. ర్యాకు అక్కర్లేకుండా సీటు మీదుగా రెండు పక్కలకూ వేలాడే సంచులు కొన్నాను, మన దేశంలో కుట్టినవే, మొత్తం నాలుగు కిలోలు. పెట్టెలతో పోలిస్తే సామాను కిందికి, ముందుకు వచ్చింది, నా కాళ్లకు దగ్గరగా. కావిడి లెక్కే ఇది కూడా. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇసుకలోనో బురదలోనో కాలు కింద పెట్టినప్పుడు వెనక గట్టి పెట్టె ఉంటే పిక్క దాని కింద ఇరుక్కుంటుంది, కాలు విరిగిన సందర్భాలూ ఉన్నాయి. సంచి అయితే నలుగుతుంది.

సామాను 20 కిలోల నుంచి 11కి వచ్చింది. దీనికి నేను వాడిన పద్ధతి ఒక్కటే, గత మూడు ట్రిప్పుల్లో బయటికి తీయనిది ఏదైనా ఇంట్లో ఉంచేయడం. ఐదు కిలోల పానాల డబ్బా పోయి, నా బండి నట్లకు సరిపోయే పానాలు మాత్రమే ఒకటిన్నర కిలోల్లో మిగిలాయి. మడత కుర్చీ, పొయ్యి, రెండో జత బూట్లు ఇంట్లోనే. పంక్చర్ కిట్టు, చిన్న గాలిపంపు మాత్రం ఎప్పుడూ నాతోనే ఉంటాయి, రెండు లీటర్ల నీళ్లు కూడా. పైగార్డు విప్పేశాను. కిందిగార్డు ఉంచాను, ఇంజిన్ పగిలితే అక్కడి నుంచి బండిని లారీలో తెచ్చుకోవాలి. (గార్డు విప్పినప్పుడు చూశాను, గొట్టం లోపల నుంచి తుప్పు. సముద్రం పక్కన ఉండేవాళ్లు ఏడాదికోసారైనా విప్పి చూసుకోవాలి.) ఇప్పుడు సంచులు, సామాను, కిందిగార్డు కలిపి 20 కిలోలు. 52 ఉండేది.

తగ్గిన 32 కిలోల తేడా తెలుసుకోవడానికి మా కాలనీ ఖాళీ స్థలంలో తమ్ముడిని పక్కన నిలబెట్టుకుని బండిని మెల్లగా పడుకోబెట్టి ఎత్తి చూశాను. పెట్టెలు, సామానుతో ఉన్నప్పుడు రెండుసార్లూ నావల్ల కాలేదు. సంచులతో మొదటిసారి సగం లేచింది, రెండోసారి కాళ్లు సరిగ్గా పెట్టుకున్నాక పూర్తిగా లేచింది. సంచి అయితే పడినప్పుడు కూడా పట్టీ విప్పి లాగేయొచ్చు. నాకు తీర్పు చెప్పింది ఈ పరీక్షే.

సంచుల ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. తాళం ఉండదు, అరకు సంత దగ్గర బండి ఆపి నడిచి వెళ్లాలంటే మనసు బండి మీదే ఉంటుంది. నేను కెమెరా, కాగితాలు చిన్న భుజం సంచిలో వేసుకుని దిగుతున్నాను. సైలెన్సర్ వైపు సంచికి ఇనుప రేకు అడ్డం పెట్టకపోతే కాలిపోతుంది. కుదుపులకు బాడీ రంగు అరుగుతుంది, ముందే పారదర్శక ఫిల్మ్ అంటించుకోండి. మన దగ్గర తుఫాను వానల్లో లోపలి వాటర్‌ప్రూఫ్ కవర్ లేకపోతే బట్టలన్నీ తడిసి ముద్దే.

వెనక సీట్లో మనిషి ఉంటే మాత్రం నా మాట మారుతుంది. మా ఆవిడతో శ్రీకాకుళం వెళ్లేటప్పుడు టాప్ బాక్స్ మళ్లీ బిగిస్తాను, తనకు వీపు ఆనుకోవడానికి అది లేకపోతే రెండు గంటల ప్రయాణం నరకం. తారు రోడ్డే, బండి పడే అవకాశం తక్కువ, ఇద్దరం ఉన్నాం. అందులో టోపీలు, రెయిన్‌కోట్లు తప్ప బరువైనవి పెట్టను. రోజూ ఆఫీసుకు ఇదే బండి మీద వెళ్లేవాళ్లకూ పెట్టె అవసరమే.

పెట్రోలు గురించి కూడా అడుగుతుంటారు. నా ట్యాంకు 20 లీటర్లు, నిండితే సుమారు 15 కిలోలు, అదీ పైనే ఉంటుంది. లీటరుకు 22 కిలోమీటర్లు వేసుకుంటే సగం ట్యాంకు 220 వస్తుంది, కానీ ఏజెన్సీలో దారి తప్పితే దగ్గర్లో బంకు దొరుకుతుందని నమ్మకం లేదు, ఘాట్‌లో మైలేజీ కూడా పడిపోతుంది. వైజాగ్‌లో ఫుల్ చేయించి బయల్దేరితే మట్టిదారి వచ్చేసరికి ఎలాగూ సగానికి వస్తుంది. దాని గురించి ఆలోచించడం మానేశాను.

మన ఒంటి బరువు తగ్గించుకోవడం మంచిదే, దానికి వేరే లాభాలు బోలెడు. సెంటర్ స్టాండ్ తీసేస్తే నాలుగు కిలోల దాకా తగ్గొచ్చు, కానీ చైన్ శుభ్రం చేసేటప్పుడు తిట్టుకుంటారు.

ఇక చివరి ప్రశ్న, "బండి అమ్మేసి చిన్నది కొనేస్తే?" హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, నా బండికంటే 20 తక్కువ. 52 కిలోలు తగిలించుకుని తిరుగుతూ ఆ 20 కోసం బండి మార్చడం నాకు సబబుగా తోచలేదు, హిమాలయన్ కొన్నాక అవే పెట్టెలు దానికీ బిగిస్తాం కదా. ముందు అన్నీ విప్పేసి ఒక నెల నడపండి. అప్పటికీ బరువే అనిపిస్తే, అందులోనూ మీరు ఎక్కువగా ఒక్కరే వెళ్తూ, తారు రోడ్డు కంటే మట్టిదారే ఎక్కువ తిరిగేవాళ్లయితే, 20 కిలోల తేడాతో సరిపెట్టుకోకండి, 160 కిలోల లోపే ఉండే ఎక్స్‌పల్స్ 200 4వీ నడిపి చూడండి. హైవే మీద వెనకపడతారు. పాడేరు పైన ఆ ఎర్రమట్టిలో పడితే మాత్రం ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఎత్తుకుంటారు.