2010 డీజిల్ స్విఫ్ట్, 2,31,000 కిలోమీటర్లు: ఇన్నేళ్ళు వాడాక నా మాట

2012లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, అప్పటికి 41 వేలు తిరిగింది, ఇప్పుడు మీటర్ మీద 2,31,000 ఉంది. మాది గుంటూరు, పని మీద నెలకి రెండు సార్లు హైదరాబాద్ వెళ్ళి రావాలి, మిగతాదంతా ఊళ్ళో తిరుగుడే. ఊళ్ళో లీటరుకి 16, 17 ఇస్తుంది, హైవే మీద 90 దాటకుండా వెళ్తే ఇప్పటికీ 21 ఇస్తుంది. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు, దాని పై భాగం, అదే హెడ్, కూడా దించలేదు. నాకు ఈ బండి అంటే ప్రాణం, అది ముందే చెప్పేస్తున్నా.

ఇంజన్ గురించి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. 1248 సీసీ, 75 హార్స్‌పవర్, ఫియట్ వాళ్ళు డిజైన్ చేసిన 1.3 మల్టీజెట్. ఇదే ఇంజన్ పుంటోలో ఉంది, ఇండికా విస్టాలో ఉంది, డిజైర్‌లో ఉంది, అందుకే ఇవాళ్టికీ ఏ ఊరు వెళ్ళినా దీని స్పేర్ పార్టులు దొరుకుతాయి, చెయ్యి తిరిగిన మెకానిక్ కూడా దొరుకుతాడు. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు ఆపేసినా నాకు పార్టుల ఇబ్బంది ఇంతవరకు రాలేదు. ఇంజన్ వాల్వులు సరైన వేళకి తెరుచుకునేలా తిప్పే టైమింగ్‌కి బెల్ట్ కాదు, చైన్. ఆ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది కాబట్టి ఆయిల్ మార్చడం వాయిదా వేస్తే దెబ్బ నేరుగా చైన్ మీద పడుతుంది. నేను 10 వేలు ఆగను, 7,500కే మారుస్తా. కొత్త ఆయిల్ రెండో రోజుకే నల్లగా అయిపోయిందని కొందరు కంగారు పడతారు, డీజిల్‌లో అది మామూలే.

ఇక అసలు కథకి వస్తా. మూడేళ్ళ క్రితం పొద్దున్నే స్టార్ట్ అవ్వడం కష్టమైపోయింది. రాత్రంతా ఆగి ఉంటే పొద్దున పది, పదిహేను సెకన్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు, ఒకసారి అందుకున్నాక మాత్రం రోజంతా తాళం తిప్పగానే లేచేది. ఒకరోజు తెల్లవారుజామున 5 గంటలకి అమ్మని విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది, నేను సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడుతున్నా, బ్యాటరీ దిగిపోతోంది, ఆవిడేమో "పోనీలేరా, ఆటోలో పోదాం" అంటోంది. ఆ రోజు పడిన బాధ చెప్పలేను. దగ్గర్లో ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే స్కానర్ పెట్టి ఐదు నిమిషాలు చూసి, ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) పోయాయి, వాటికి డీజిల్ ఒత్తిడితో పంపే హై ప్రెషర్ పంపు కూడా వీకే, 65 వేలు అవుతుంది అన్నారు. బండి రేటులో అది సగం. అమ్మేద్దాం అనుకున్నా నిజంగా.

అమ్మేముందు ఒక్కసారి చూపిద్దామని విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళా, డీజిల్ పంపుల పని తప్ప వేరేది ముట్టుకోడు. ఆయన బానెట్ ఎత్తకముందే అడిగింది ఒకటే, "వేడి మీద స్టార్ట్ అవుతోందా బాబూ?" అవుతోంది బాబాయ్, ఒక్క తాళానికే అన్నా. "మరి ఇంజెక్టర్లు పోతే వేడి మీదే ఎక్కువ ఏడిపించాలి కదా, ఇదేదో గాలి సంగతి" అన్నాడు.

అనేసి ఊరుకోలేదు, నా కళ్ళ ముందే పరీక్ష పెట్టాడు. నాలుగు ఇంజెక్టర్లకీ రిటర్న్ పైపులు ఊడదీసి, సన్నటి ప్లాస్టిక్ ట్యూబులు తగిలించి, వాటి చివర్లు ఒకే సైజు ఖాళీ సీసాలు నాలుగింట్లో పెట్టాడు. ఇంజన్ ఐడిల్‌లో కాసేపు నడిపాడు. ఇంజెక్టర్ లోపల అరిగితే డీజిల్ సిలిండర్‌లోకి వెళ్ళకుండా వెనక్కి కారిపోతుంది, ఆ సీసా మిగతా వాటికంటే త్వరగా నిండుతుంది. నా బండివి నాలుగూ దాదాపు ఒకే మట్టంలో, అడుగున వేలెడు కూడా లేవు. అంటే ఇంజెక్టర్లు బాగానే ఉన్నట్టు. తర్వాత ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్ళే నల్ల పైపు తీసి దాని బదులు జానెడు పారదర్శకమైన పైపు పెట్టాడు. సెల్ఫ్ కొట్టగానే అందులో చూస్తే చిన్న చిన్న బుడగలు, సోడా సీసాలో లేచినట్టు వరుసగా వస్తూనే ఉన్నాయి. ఫిల్టర్ దగ్గర జాయింట్‌లో రబ్బరు పైపు అంచు ఎండిపోయి వెంట్రుకంత చీలిక ఇచ్చింది. డీజిల్ బయటికి కారదు, కింద ఒక్క చుక్క కనపడదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. రాత్రికి లైన్‌లో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున పంపు ముందు ఆ గాలంతా లాగేయాలి, ఇంజెక్టర్లకి డీజిల్ అందించే గొట్టంలో, అదే రైల్‌లో, దాదాపు 200 బార్ ప్రెషర్ లేవకపోతే ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) ఇంజెక్టర్లని తెరవనే తెరవదు, అందుకే పదిహేను సెకన్లు. కొత్త పైపు, రెండు క్లిప్పులు, కూలీతో కలిపి 700 తీసుకున్నాడు. మర్నాడు పొద్దున తాళం తిప్పితే ఒకటిన్నర సెకనులో అందుకుంది, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. పాత డీజిల్ మొరాయిస్తే ముందు డీజిల్ వచ్చే దారి, గాలి వచ్చే దారి, బ్యాటరీ, ఎర్త్ వైరు చూడాలి, ఇవన్నీ అయ్యాకే పంపు, ఇంజెక్టరు మాట ఎత్తాలి. ఆ సీసాల పరీక్ష, దాన్నే లీక్ ఆఫ్ టెస్ట్ అంటారు, చేసి చూపించకుండా ఇంజెక్టర్లు మార్చమంటే ఒప్పుకోవద్దు.

డీజిల్ ఫిల్టర్ ప్రతి 20 వేలకి మారుస్తా, వానాకాలం అయ్యాక మాత్రం తప్పకుండా అడుగున నీళ్ళు వదిలిస్తా. ఒక ఏడాది వదిలించినదాన్ని వాటర్ బాటిల్‌లో పట్టి గోడ మీద పెట్టి గంట తర్వాత చూస్తే పైన డీజిల్, అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు, మధ్యలో గీత గీసినట్టు ఉంది. ఆ నీళ్ళు పంపులోకి పోతే తుప్పు, ఆ తుప్పు పొడి ఇంజెక్టర్లలోకి, అప్పుడు ఆ 65 వేలు నిజంగానే అవుతాయి. అడుగున నీళ్ళు, మురికి కదిలి వస్తాయని ట్యాంకర్ దించుతుండగా ఆ బంకులో కొట్టించను, ట్యాంకు పావు కంటే కిందకి రానివ్వను.

ఊళ్ళో చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపేది) మసి పట్టేస్తుంది. నాది లక్షా 20 వేల దగ్గర మొదటిసారి విప్పిస్తే లోపల మసి, ఆయిల్ ఆవిరి కలిసి తారులా గడ్డకట్టి ఉంది, దారి చిటికెన వేలు పట్టేంతే మిగిలింది. అప్పట్లో ఉన్న పికప్ లేకపోవడం, నల్ల పొగ, రెండూ అది శుభ్రం చేయించడంతోనే సగం పోయాయి. మిగతా సగం కొండవీడు ఘాట్ ఎక్కుతుంటే దొరికింది, సెకండ్ గేర్‌లో తొక్కగానే బానెట్ కింద స్స్ అని ఊదుతున్న శబ్దం, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపు కింది వైపు చిరిగింది, పైనుంచి చూస్తే కనపడదు, చెయ్యి పెట్టి తడిమితే ఆయిల్ జిడ్డు తగిలింది.

చలిలో స్టార్ట్ అవ్వడానికి సిలిండర్లని వేడిచేసే గ్లో ప్లగ్గుల సంగతి గుంటూరు ఎండల్లో ఏళ్ళ తరబడి తెలియనే తెలియదు. డిసెంబర్‌లో లంబసింగి వెళ్ళినప్పుడు పొద్దున తెల్ల పొగ కక్కుతూ మూడు సిలిండర్ల మీద ఊగిపోతుంటే తెలిసింది, మల్టీమీటర్ పెడితే నాలుగింట్లో రెండు చచ్చాయి. తీయించేటప్పుడు ఇంజన్ వేడి మీద, ముందు రోజే రస్ట్ స్ప్రే కొట్టించి, నెమ్మదిగా తీయించండి, హెడ్‌లో విరిగితే హెడ్ దించాల్సి వస్తుంది.

పోయిన ఏడాది 15 ఏళ్ళు నిండాయి, ఆర్టీవో ఆఫీసులో బండి చూపించి ఐదేళ్ళకి రెన్యూవల్ చేయించా, ఫీజు 5,000, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళని ఆపేసినట్టు మన దగ్గర లేదు కాబట్టి ఇంకొన్నేళ్ళు ఢోకా లేదు. ఇప్పుడు క్లచ్ కాస్త ఎత్తులో పట్టుకుంటోంది, సంక్రాంతి లోపు మార్చాలి.

ఇలాంటిది కొనాలనుకునేవాళ్ళు పొద్దున్నే చెప్పకుండా వెళ్ళండి, బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాకే తాళం అడగండి. స్టార్ట్ అయిన మొదటి ఐదు సెకన్లు చైన్ గరగరమంటోందేమో వినండి, తర్వాత ఆయిల్ క్యాప్ తీసి చూడండి, కొద్దిగా ఆవిరి వస్తే పర్లేదు, గుప్పుగుప్పుమని పొగ ఊదుతుంటే మాత్రం ఇంజన్ లోపల అరిగినట్టే, ఆ బండి వదిలేసి రండి.