మూడేళ్లు వాడాక మా డైనింగ్ టేబుల్, బట్టల బీరువా

రెండూ ఒకేచోట, ఒకేరోజు కొన్నాం. టేబుల్, నాలుగు కుర్చీలు అసలు చెక్కవి అన్నారు. బీరువా ఇంజినీర్డ్ వుడ్ (చెక్క పొరలో, నారో, తురుమో జిగురుతో అతికించి చేసే పలక) అన్నారు. ఆ మాట వినగానే ప్లైవుడ్ అనుకుని సరే అనేశాను. మూడేళ్లు రోజూ వాడాక రాస్తున్నాను.

ముందు కుర్చీలు. మా ఇంట్లో అందరూ కుర్చీని వెనక్కి వాల్చి రెండు కాళ్ల మీద ఊగేవాళ్లే. అయినా ఇప్పటికీ ఒక్కటి కూడా కిర్రుమనదు. ఒకదాన్ని బోర్లించి టార్చి వేసి చూస్తే కారణం తెలిసింది. సీటు కింది పట్టీ కొసను సన్నగా చెక్కి, కాలులో తొలిచిన గాడిలోకి బిర్రుగా దించి జిగురు పెట్టారు. లోపల నాలుగు మూలల్లోనూ ముక్కోణపు చెక్క ముక్కలు పెట్టి, జిగురుతో పాటు స్క్రూలు కూడా వేశారు. బరువంతా మోసేది ఆ అతుకే. కుర్చీ కొనేటప్పుడు ఇది ఏ చెట్టు చెక్క అని అడగడం కంటే, తిరగేసి ఆ మూలలు చూడటం ముఖ్యమని నా గట్టి నమ్మకం.

టేబుల్ దగ్గర మాత్రం బాధ పడ్డాను. పైపలక నిజంగా అసలు చెక్కే. మీద కనిపించే గీతలు అంచు దాకా వచ్చి, కొస కోతలో వంపు తిరిగిన వలయాల ముక్కలుగా కనిపిస్తాయి. పైన పల్చటి పొర అతికించి ఉంటే అవి అలా కలవవు. కానీ రెండో ఏడు, గాలి బాగా పొడిగా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి టప్‌మని చప్పుడైంది. పొద్దున చూస్తే ఒక కొస నుంచి జానెడు చీలిక! కింద పడుకుని చూశాను. పలకను కింది చట్రానికి ఆరు స్క్రూలతో కదలకుండా బిగించేశారు. చెక్క గాలిలో తేమను బట్టి అడ్డంగా వ్యాకోచిస్తుంది, కుంచించుకుపోతుంది. పొడవులో దాదాపు మార్పు ఉండదు. అలా జరగడానికి చోటు ఇవ్వకపోతే ఎక్కడో ఒకచోట చీలుతుంది. అందుకే పని తెలిసినవాళ్లు ఆ రంధ్రాలను కోలగా తొలుస్తారు, లేదంటే గాడిలో జరిగే క్లిప్పులు వాడతారు. అంత మంచి చెక్కను, అంత నున్నగా చిత్రిక పట్టి, చివరికి ఆరు రంధ్రాల దగ్గర పాడుచేశారు. తర్వాత ఒక వడ్రంగి వచ్చి రంధ్రాలు కోలగా చేసి, చీలికలో జిగురు ఎక్కించి బిగించాడు. ఏడాదిగా మళ్లీ తెరుచుకోలేదు. అయినా దాని మీద చెయ్యి పడిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఇక బీరువా. నేల తుడిచేటప్పుడు తడి తగిలి అడుగు పలక ఉబ్బింది. అంచు పట్టీ ఊడిన చోట వేలు పెడితే రవ్వలా రాలింది. అది పార్టికల్ బోర్డు, అంటే చెక్క తురుము, పొట్టు జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక. ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలుగా అవ్వదు. తలుపు బందు స్క్రూ పెరుక్కుని వస్తే అదే రంధ్రంలో మళ్లీ పట్టదు, మాకు రెండుసార్లు జరిగింది. ఇంజినీర్డ్ వుడ్ అనే మాట కింద ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక), పార్టికల్ బోర్డు అన్నీ వస్తాయి. ఒకదానికీ ఇంకోదానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా! ఆ మూడింటిలో ఏదో బిల్లు మీద స్పష్టంగా రాయమనండి. రాయకపోతే, లామినేట్ (పైన అతికించే పల్చటి రేకు) లేని కోత ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి, ముఖ్యంగా వెనక వైపు, బందుల రంధ్రాల లోపల. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, అట్టలా నున్నగా ఉంటే ఎండీఎఫ్, పలుకులు పలుకులుగా ఉంటే పార్టికల్ బోర్డు. తడి తగలని చోట, తక్కువ బరువు పెట్టే చిన్న అరలకి పార్టికల్ బోర్డు పనికొస్తుంది. రోజూ తీసి వేసే పెద్ద తలుపులకి మాత్రం వద్దు.

ఈ బీరువా సొరుగులు బాగున్నాయి, అది ఒప్పుకోవాలి. పూర్తిగా బయటికి లాగినా ముందుకి వాలవు. అడుగు పలకను మేకులతో కొట్టకుండా చుట్టూ గాడిలో కూర్చోబెట్టారు. బట్టలు కుక్కి పెట్టినా జారలేదు.

కొత్త బీరువా ప్లైవుడ్‌తో చేయిస్తున్నాం. అడుగు పలక నేలకి ఆనకుండా నాలుగు అంగుళాల కాళ్లు పెట్టమన్నాను. పాత సొరుగులు విప్పి అందులోనే బిగిస్తానని వడ్రంగి అన్నాడు.