తిరువాన్మియూరా, వైదీశ్వరన్ కోయిలా?

జబ్బు తగ్గాలని మొక్కుకునే తమిళనాడు శివాలయాలు ఈ రెండూ. నడవలేని పెద్దవాళ్లతో చెన్నై నుంచి వెళ్లాలంటే ముందు నగరంలోనే ఉన్న తిరువాన్మియూరే మేలు. అక్కడి శివుడి పేరు మరుందీశ్వరుడు, అంటే మందునిచ్చే దేవుడు. అగస్త్యుడికి ఇక్కడే వైద్యం ఉపదేశించాడని స్థలపురాణం. స్థలవృక్షం జమ్మి. లోకల్ రైల్లో వెళ్లి రెండు గంటల్లో ఇంటికి రావచ్చు.

మయిలాడుతురై దగ్గరి వైదీశ్వరన్ కోయిల్‌కు రైల్లోనే ఐదారు గంటలు. కానీ మొక్కు తీర్చే పద్ధతులు అక్కడే ఎక్కువ: సిద్ధామృత పుష్కరిణి, ఉప్పు-మిరియాల సమర్పణ, జటాయు కుండం విభూతి, ప్రసాదంగా ఇచ్చే తిరుచ్చాందు ఉండ (మాత్రలాంటి చిన్న ఉండ). ఇది అంగారక (కుజ గ్రహ) క్షేత్రం కూడా కాబట్టి మంగళవారం విపరీతమైన రద్దీ. రోగితో వెళ్తే మరో రోజు చూసుకోండి. వీధిలో నాడీజోస్యం (తాళపత్రాలు చూసి చెప్పే జోస్యం) దళారులు వెంటపడతారు, ఆగకండి.

చాలామంది పొరపడేది వేళల్లో: రెండుచోట్లా మధ్యాహ్నం తలుపులు మూస్తారు. దూరప్రయాణానికి ముందురాత్రే బయల్దేరండి. వేసుకునే మందులు మాత్రం ఎక్కడా మానకూడదు.