సముద్రపు అడుగు ఆరోగ్యానికి ఏ సాక్ష్యం మేలు: పురుగులా, ఫొరామినిఫెరా గుల్లలా?

సీసాలో పట్టిన సముద్రపు నీరు ఆ పూట సంగతే చెబుతుంది. ఆటుతో పాటు మురుగు బయటకు వెళ్లిపోయిన గంటలో పడితే అదే నీరు శుభ్రంగా కనిపిస్తుంది, పోటు సమయంలో పడితే మరోలా ఉంటుంది. అడుగున బురదలో పెద్దగా చోటు మారకుండా బతికే జీవులు మాత్రం వారాల తరబడి, నెలల తరబడి అక్కడి మంచిచెడులను భరిస్తాయి కనుక, శాస్త్రజ్ఞులు వాటినే సూచికలుగా ఎంచుకున్నారు. వాటిలో ప్రధానమైనవి రెండు. ఒకటి, పాలీకీట్‌లనే ముళ్లున్న సముద్రపు పురుగుల వంటి కంటికి ఆనే జీవులు. రెండోది, ఆవగింజలో పదో వంతు కూడా లేని గుల్ల కట్టుకునే ఏకకణ జీవులైన ఫొరామినిఫెరా. ఒక్క సర్వేకు సరిపడా డబ్బు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు దేన్ని నమ్ముకోవాలి?

అనుభవం విషయంలో పురుగులదే పైచేయి. సేంద్రియ వ్యర్థం పెరిగేకొద్దీ సున్నితమైన జాతులు ఒక్కొక్కటిగా తప్పుకుని, చివరికి కాపిటెల్లా వంటి మొండి జాతులే గుంపులుగా మిగులుతాయని పియర్సన్, రోసెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు 1978లో స్పష్టంగా చూపారు. ఈ కాపిటెల్లా ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కనుక జల్లెడలో ఎర్రని దారపు ముక్కలా కనిపిస్తుంది. జాతులను ఓర్పును బట్టి ఐదు వర్గాలుగా విడదీసి లెక్కకట్టే ఆంబీ సూచిక 2000లో వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఐరోపా జల చట్టం కూడా అడుగున బతికే ఈ జీవులకు స్థానం కల్పించింది. మన విశాఖపట్నం ఓడరేవులోని పాలీకీట్‌ల మీద కాలుష్య ప్రభావాన్ని వివరిస్తూ రామన్, గణపతి 1983లోనే పరిశోధనా పత్రం ప్రచురించారు. అందువల్ల ఒక అధికారి ముందో న్యాయస్థానం ముందో నివేదిక పెట్టవలసి వస్తే, పురుగుల లెక్కకు ఉన్నంత బలం గుల్లల లెక్కకు ఇంకా రాలేదని ఒప్పుకోవాలి.

అయితే పురుగుల లెక్క శ్రమతో కూడినది. సాధారణంగా చదరపు మీటరులో పదో వంతు మేర బురదను గ్రాబ్ అనే ఇనుప దోసిలి వంటి పరికరంతో ఎత్తి, పడవ మీదే అర మిల్లీమీటరు లేదా ఒక మిల్లీమీటరు జల్లెడలో కడిగి, ఫార్మలిన్‌లో భద్రపరచి, ఆపైన ఒక్కొక్క పురుగు ముళ్లనూ దవడలనూ చూసి జాతి తేల్చాలి. అంత బురదలోనూ కొన్నిసార్లు పట్టుమని పది పురుగులు దొరకవు.

ఫొరామినిఫెరా పని వేరుగా ఉంటుంది. గుప్పెడు బురద చాలు, అందులో వందల గుల్లలు ఉంటాయి. 2012లో నిపుణుల బృందం ఒకటి కుదుర్చుకున్న పద్ధతి ప్రకారం పై ఒక్క సెంటీమీటరు పొరను మాత్రమే తీసుకుని, రోజ్ బెంగాల్ రంగు కలిపిన ఇథనాల్‌లో కనీసం పద్నాలుగు రోజులు నానబెట్టి, 125 మైక్రాన్ల జల్లెడలో కడుగుతారు. ఆ ఇసుకను నల్లని పళ్లెంలో పలుచగా పరచి సూక్ష్మదర్శిని కింద చూస్తే, అమ్మోనియా అనే పేరున్న (వాయువు కాదు) ఫొరామినిఫెరా గుల్ల చిన్న నత్తగుల్లలా గది వెంట గది చుట్టుకుని కనిపిస్తుంది. సేకరించిన నాటికి జీవి బతికే ఉంటే గదుల లోపల గులాబీ రంగు నిండి ఉంటుంది, ఎప్పుడో చనిపోయి ఉంటే గుల్ల తెల్లగా ఖాళీగా ఉంటుంది. తడిపిన సన్నని కుంచె మొనతో ఒక్కొక్క దాన్నీ ఎత్తి పలక మీద గళ్లలో సర్దుతూ మూడు వందలు పూర్తిచేసేసరికి మెడ పట్టేస్తుంది, కానీ గణాంకాలకు కావలసిన సంఖ్య మాత్రం చేతికి వస్తుంది.

ఆక్సిజన్ పూర్తిగా అడుగంటిన చోట పురుగులు ఉండవు కనుక వాటి కొలబద్ద అక్కడితో ఆగిపోతుంది. ఫొరామినిఫెరాలో కొన్ని మాత్రం ఆక్సిజన్‌కు బదులు నైట్రేటును వాడుకుని శ్వాసించగలవని 2006లో తేలింది. కాబట్టి చెడిన స్థితిలో కూడా ఎంతమేర చెడిందో అవి చెప్పగలవు.

వీటి లోపాలను దాచకూడదు. రోజ్ బెంగాల్ అంటుకునేది ప్రోటీనుకే గాని ప్రాణానికి కాదు, అందువల్ల చనిపోయి కొన్ని వారాలైన జీవి కూడా బతికున్నట్టే లెక్కలోకి వస్తుంది. సేంద్రియ పదార్థం కుళ్లి ఆమ్లత పెరిగిన బురదలో, ముఖ్యంగా మడ అడవుల కింద, సున్నపు గుల్లలు కరిగిపోతాయి. గుల్ల వంకర తిరిగితే భారలోహాల వల్లనే అని తొందరపడి రాసేవారున్నారు. వరద కాలంలో గోదావరి ముఖద్వారం వంటి చోట్ల ఉప్పుదనం ఒక్కసారిగా మారినా అటువంటి వంకరలు వస్తాయి. కనుక వంకర గుల్లల ఆధారంతోనే ఏ కర్మాగారం మీదా నేరం మోపడం న్యాయం కాదు.

ఇన్ని లోపాలున్నా నా తీర్పు గుల్లల వైపే మొగ్గడానికి కారణం కాలం. పురుగు చనిపోతే దాని మెత్తని శరీరం మిగలదు. గుల్ల పొర మీద పొరగా బురదలో నిలిచిపోతుంది. నార్వేలో ఓస్లో ఫియర్డ్ అనే ఇరుకైన సముద్రపు పాయ లోపలి భాగానికి ద్రోబాక్ పట్టణం దగ్గర ఇరవై మీటర్ల లోతులో ఒక గట్టు అడ్డుగా ఉంది, అందువల్ల అడుగు నీరు త్వరగా మారక నగరపు మురుగు ప్రభావం తీవ్రంగా పడింది. శాస్త్రవేత్త ఎలిజబెత్ ఆల్వే బృందం అక్కడ పొరలు చెదరకుండా బురదను నిలువుగా తీసే కోర్ గొట్టాలతో నమూనాలు తీసి, కాలక్రమాన తగ్గిపోయే రేడియోధార్మిక సీసం-210తో వాటికి వయసు కట్టి, ప్రతి పొరలోని ఫొరామినిఫెరా వైవిధ్యాన్ని లెక్కించి, కాలుష్యానికి ముందు ఆ ఫియర్డ్ ఎలా ఉండేదో తేల్చి 2009లో ప్రచురించింది. పాడవక ముందటి స్థితి తెలియకుండా ఎంత పాడైందో ఎలా చెప్పగలం? పాత సర్వే లేని తీరంలో పురుగులు ఈ ప్రశ్నకు జవాబివ్వలేవు.

విశాఖపట్నమే దీనికి తగిన ఉదాహరణ. ఓడరేవు 1933లో మొదలైంది, పురుగుల మీద చెప్పుకున్న ఆ పత్రం అర్ధ శతాబ్దం తరువాతిది. ఫొరామినిఫెరాను కాలుష్య సూచికలుగా తీసుకుని 1985లో అదే ఓడరేవును పరిశీలించిన వారూ ఉన్నారు. ఓడల కాలువను తరచూ తవ్వి బురద తీస్తుంటారు కనుక అక్కడి పొరలు కలగాపులగమై ఉంటాయి, అటువంటి చోట నేటి స్థితి చాలనుకుంటే పురుగులనే లెక్కపెట్టడం మేలు. గతం కావాలంటే తవ్వకం తగలని మూలను వెతికి కోర్ గొట్టం దింపాలి. సీసం-210 అర్ధాయుర్దాయం, అంటే అది సగానికి తగ్గే కాలం, సుమారు 22 ఏళ్లు కనుక నూరేళ్ల వెనక్కి వయసు కట్టవచ్చు, అంటే 1933కు ముందటి పొర ఇప్పటికింకా అందుతుంది. ఆలస్యమైన ప్రతి పదేళ్లకూ ఆ కొలత మరింత కష్టమవుతుంది.