మా బంతికి భోజనాల డబ్బా: మూడేళ్లు వాడాక

మా పెంపుడు పాము బంతికి మేత పెట్టడానికి వాడిన ఈ డబ్బాను మొదటి ఏడాది నేను ఎంతమందికి సిఫారసు చేశానో తలుచుకుంటే ఇప్పుడు కాస్త సిగ్గేస్తుంది. డబ్బా అంటే ప్రత్యేకమైనదేం కాదు, విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర కొన్న మూత ప్లాస్టిక్ డబ్బా, ఇంట్లో బియ్యం పోసుకునేంతది, మూతకు నేనే మేకు కాల్చి చిల్లులు పెట్టాను. పాముకు దాని గూట్లోనే మేత పెడితే తలుపు తీసిన ప్రతిసారీ తిండే వచ్చిందనుకుని చేతి మీదకు దూకుతుందని, అదే మేత కోసం వేరే డబ్బాలోకి మారిస్తే గూట్లో మచ్చికగా ఉంటుందని, బాల్ పైథాన్ (విషం లేని చిన్న జాతి కొండచిలువ) తెచ్చుకున్నాక నాకు అందిన మొదటి సలహా ఇదే. వినడానికి భలే సబబుగా ఉంటుంది, అందుకే నమ్మాను.

ఏడాది పాటు మా బంతి (బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు) ఒక్కసారి కూడా కరవలేదు. ఆ గొప్పంతా డబ్బాకే కట్టబెట్టాను. బాల్ పైథాన్‌లు పుట్టుకతోనే పిరికివని, కరవడం కంటే తల దాచుకోవడానికే చూస్తాయని తర్వాత తెలిసింది. అంటే డబ్బా లేకపోయినా అది కరిచేది కాదేమో, చెప్పలేను.

అసలు సంగతి రెండో ఏడాది సంక్రాంతికి జరిగింది. భోగికి ముందురోజు, ఇంటి నిండా చుట్టాలు. మేత రోజు కూడా అదే అయింది, చలికాలంలో ఇవి తినడమే గొప్ప కాబట్టి వాయిదా వేయబుద్ధి కాలేదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎలుకను (దానికి వేరే చిన్న ఫ్రిజ్ ఉంది, కంగారు పడకండి) మామూలుగా కరగనిచ్చి, చివర్లో వేడినీళ్లలో ముంచి, పట్టకారుతో డబ్బాలో చూపిస్తే టక్కున అందుకుంది. డబ్బా హాల్లో, చలువ రాయి మీద ఉంది. అదే నా కొంప ముంచింది. గూట్లో తిని ఉంటే తలుపు మూసేసి గుడ్డ కప్పేవాణ్ని, ఎవరూ చూసేవాళ్లు కాదు. డబ్బా హాల్లో ఉండేసరికి పిల్లలంతా చుట్టూ మూగారు, నేను కూడా ఉత్సాహంలో వివరాలు చెబుతూ కూర్చున్నాను. అరగంటకు దాన్ని గూట్లో వేద్దామని ఎత్తానో లేదో, గుంటూరు నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు "అన్నయ్యా, ఒక్క ఫొటో, ఒక్కటే" అన్నాడు. ఒక్కటి అన్నది ఆరేడు అయ్యాయి. పొట్ట మధ్యలో ఎలుక ఉబ్బు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది, మేత తిన్నాక కనీసం రెండు రోజులు ముట్టుకోకూడదని నాకు తెలుసు కూడా. అయినా ఎలాగూ గూటికి మార్చడానికి ఎత్తాం కదా, ఇంకో ఐదు నిమిషాలకు ఏమవుతుందిలే అనిపించింది.

భోగి రోజు తెల్లవారుజామున అందరూ మంట దగ్గర ఉంటే నేను ముక్కు మూసుకుని గూడు కడుగుతున్నాను. సగం అరిగిన ఎలుకను కక్కేసింది. ఆ కంపు గురించి చెప్పను, పండగ పూట అరిసెల వాసన కూడా దాన్ని కప్పలేకపోయింది. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి "పాలు తాగిన పిల్లాణ్ణి ఎత్తి ఊపితే కక్కడుట్రా? దానిది మాత్రం కడుపు కాదా?" అంది. మూడు నెలలు చదివి నేర్చుకున్నది ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. పైగా పాముకు అరగాలంటే బయటి నుంచి వేడి కావాలి, గూట్లో వెచ్చటి మూల 32 డిగ్రీలు ఉంటే, అది అరగంట చల్లటి రాయి మీద కూర్చుంది. కక్కిన పాముకు వెంటనే మళ్లీ పెట్టకూడదు, లోపలంతా ఆమ్లంతో ఒరుసుకుపోయి ఉంటుంది. రెండు వారాలు ఆగి చిన్న ఎలుకను డబ్బాలోనే చూపించాను. మొహం తిప్పేసుకుంది. శివరాత్రి దాటినా అదే వరస. చివరికి విసిగి గూట్లోనే, అది దాక్కునే పెంకు ముందు పెడితే ఆ రాత్రే తినేసింది.

అప్పటి నుంచి గమనిస్తే ఇంకోటి అర్థమైంది. తలుపు తీస్తే తిండి అనుకుంటుందని భయపడి డబ్బా మొదలుపెట్టాం, అది కాస్తా ఎత్తితే తిండి అని నేర్చుకున్నట్టుంది. అప్పట్లో డబ్బాలో దించగానే మెడ వంకర తిప్పి కాచుకుని కూర్చునేది. దాని పై పెదవి మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, డబ్బా నిండా ఎలుక వాసన, అందులోకి వెచ్చగా నా చెయ్యి. కరవకపోవడం దాని మంచితనం. ఇప్పుడు గూట్లోనే పెడుతున్నా, ఎత్తే రోజు మాత్రం ముందు కొక్కెం కర్రతో ఒంటి మీద మెల్లగా తట్టి, సబ్బుతో కడుక్కున్న చేతులతో తీస్తాను. తడితే తిండి కాదని దానికి తెలిసిపోయింది, మెడ వంకర పెట్టడం మానేసింది.

డబ్బా పనికిమాలినదని నేను అనను. కొబ్బరి పొట్టు పరిచిన గూట్లో మేతతో పాటు పొట్టు మింగుతుందన్న భయం నిజమే, నేను దానికి పాత స్టీలు పళ్లెం పెట్టి సరిపెట్టుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో తెలిసినతను కార్న్ స్నేక్‌కు నాలుగేళ్లుగా డబ్బాలోనే పెడుతున్నాడు, అది ఎక్కడ పెట్టినా తినే ఆబగొట్టు, వాళ్లింట్లో చుట్టాలూ తక్కువ. నాది పిరికి పాము, జనం ఎక్కువ ఉండే ఇల్లు, ఫొటోలంటే ఆగలేని మనిషిని నేను. మీ ఇంట్లో వేరుగా ఉండొచ్చు. (జెర్రిపోతును పట్టి ఇలా పెంచొచ్చా అని అడిగే పిల్లలకు: కుదరదు, మన పాములకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు. నా విదేశీ పామునైనా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాల్సి వచ్చింది.)

డబ్బా ఇంకా ఉంది. గూడు కడిగే రోజు పది నిమిషాలు బంతిని అందులో కూర్చోబెడతాను. ఎంత కడిగి ఆరబెట్టినా అమ్మ మాత్రం దాన్ని వంటింటి గడప దాటనివ్వదు.